ఆ పూటకు సరిపడా

చెప్పులు మెట్ల కిందే వదిలేయండి. వానాకాలపు ఆదివారం పొద్దు ఇది. రాత్రి జల్లు పడి వెలిసింది, మెట్ల రాయి అరికాలికి ఇంకా చల్లగానే తగులుతోంది. గోపురం కొస చూడాలంటే మెడ పూర్తిగా వెనక్కి వాల్చాలి. 175 అడుగుల ఎత్తు. బస్సు మెదక్ పొలిమేరలోకి రాకముందే కిటికీలోంచి మీకిది కనబడింది. ఇంత దగ్గరికి వచ్చాక మాత్రం ఎత్తు సంగతి మరిచిపోయి రాళ్ళను చూస్తారు. బూడిదరంగు రాయి, నున్నగా చెక్కి, అతుకు కనబడకుండా పేర్చింది. గోడ మీద అరచెయ్యి ఆనించండి. కాసేపట్లో ఈ రాళ్ళతో మనకు పనుంది. గంట కొట్టేశారు, పదండి.

లోపల పొడవు 200 అడుగులు, వెడల్పు 100. అయిదు వేల మంది పడతారని చెబుతారు. క్రిస్మస్ నాడు నిలబడడానికి కూడా చోటుండదు. ఈవేళ ముందు బెంచీలు నిండాయి, వెనక చాలా ఖాళీ. కాళ్ళ కింద రంగురంగుల పలకలు, ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చినవి, ఇటలీ పనివాళ్ళు పరిచినవి. మూడు దిక్కులా మూడు పెద్ద అద్దాల కిటికీలు. ప్రభువు బల్ల వెనక ఉత్తరాన యేసు ఆరోహణం, పడమట ఆయన పుట్టుక, తూర్పున సిలువ. వాటిలో మొదటిది, ఆరోహణం, 1927లో బిగించారు. 1924 డిసెంబరు 25న ఈ గుడిని ప్రతిష్ఠించినప్పుడు ఇవేవీ లేవన్నమాట. ఇప్పుడు తూర్పు కిటికీకి ఎండ తగిలింది. సిలువ చుట్టూ ఎరుపూ నీలమూ ఒక్కసారిగా వెలిగాయి. మబ్బు అడ్డం వచ్చింది, అద్దం మొత్తం నల్లబడింది. పగటి వెలుగు బయటినుంచి వస్తేనే ఆ బొమ్మలు కనబడతాయి, లోపల ఎన్ని దీపాలు పెట్టినా లాభం లేదు.

నడవ పక్కన చోటు చూసుకుని కూర్చోండి.

"జర జరుగు బిడ్డా."

ఒక పెద్దమ్మ మీ పక్కన సర్దుకుంటుంది. తెల్లచీర, తలమీద కొంగు. కాలివేళ్ళ సందుల్లో నాట్ల బురద ఎంత కడిగినా పూర్తిగా పోలేదు. "ఏడికెల్లి వచ్చినవ్?" చెబుతారు మీరు. "అంత దూరంకెల్లా?" అని మెచ్చుకోలుగా చూసి, గొంతు తగ్గించి, నడవ అవతలి వరసను గడ్డంతో చూపిస్తుంది. "గా నీలం అంగీ మనిషిని చూసినవా? మా మరిది. బోరు ఏస్తనని నా దగ్గర ఇరవై వేలు తీస్కపోయిండు. బోరుల నీళ్ళు పడలె, నా పైసలు రాలె. ఏడాదిన్నర సంది మాటల్లేవ్." అడగకుండానే చెప్పేసింది. గుళ్ళో పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పుకున్నంత తేలిగ్గా ఊళ్ళో ఎవరికీ చెప్పుకోలేరు మరి.

హార్మోనియం ఎత్తుకుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చేతిలో ఉన్నవాళ్ళు కొందరే, పాడుతున్నవాళ్ళు అందరూ. వాక్యపఠనం, ప్రసంగం. తర్వాత సంఘపెద్ద ఒకాయన ప్రార్థన అందుకున్నాడు. దేశ నాయకులతో మొదలుపెట్టి, వానలు, పరీక్షలు రాసే పిల్లలు, గల్ఫ్‌లో ఉన్న బిడ్డలు, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ పేర్లు, ఒక్కటీ వదల్లేదు. మధ్యలో చంటిపిల్ల ఏడ్చింది, తల్లి బయటికి తీసుకెళ్ళి తిరిగి తీసుకొచ్చింది, ఆయన ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నాడు. మాటల మీద మాటలు పేర్చి ప్రార్థించవద్దని చెప్పిన తర్వాతే యేసు తన చిన్న ప్రార్థన నేర్పాడని మత్తయి ఆరో అధ్యాయంలో ఉంది. తెలుగు సంఘాలు ఆ అధ్యాయాన్ని బాగా ఎరుగుదురు. అయినా మన పెద్దలకు ప్రార్థనలో నిడివి ఒక మర్యాద, చుట్టాన్ని గుమ్మం దాకా సాగనంపినట్టు. నాకు దానిమీద ఫిర్యాదేమీ లేదు.

తర్వాత సమాధానం, అంటే శాంతి, ఇచ్చిపుచ్చుకునే ఘట్టం. పాస్టరు అయ్యగారు బల్ల దగ్గర మొదలుపెట్టింది చేతినుంచి చేతికి నడవ వెంబడి వెనక్కి వస్తోంది. ఇచ్చేవాళ్ళ కుడి అరచెయ్యి, పుచ్చుకునేవాళ్ళ కుడి అరచెయ్యి కలుపుకుని, ఎడమ చేతులతో మూస్తారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక కూర్చుకున్న ఆరాధన క్రమంలో కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచి వచ్చి చేరిన పద్ధతి ఇది. నీలం అంగీ మనిషికి అందింది. ఆయన నడవ దాటి ఇటు వచ్చాడు. పెద్దమ్మ సరిగ్గా అప్పుడే కొంగు సర్దుకోవడంలో పడింది. ఆయన ఒక్క క్షణం ఆగి, మీ చేతుల్లో చేతులు పెట్టాడు. గరుకు చేతులు. మీరు ఇటు తిరిగారు. పెద్దమ్మ కొంగు వదిలేసి, మీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఆయన ఇచ్చిందే మీ చేతుల మీదుగా ఆమెకు చేరింది. ఆమెకు ఆ సంగతి తెలుసు.

రొట్టె మీద, పాత్ర మీద కృతజ్ఞతాప్రార్థన ముగిసింది. రొట్టె ఇంకా విరవలేదు. ఈ రెంటికీ నడుమ అందరూ కలిసి పరలోక ప్రార్థన చెప్పాలి. అయ్యగారు మొదటి మాట అందించారో లేదో, పుస్తకాలు మూసుకున్న చప్పుడు. ఎవరికీ పుస్తకంతో పనిలేదు. కళ్ళు మూసుకోండి. ఇక్కడినుంచి ఆమేన్ దాకా నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషాన్ని కాస్త సాగదీసి చూద్దాం.

ముందుగా తండ్రిని పిలవడం. ఇన్ని వందల గొంతులు ఒకే పిలుపుకు లేస్తే పైకప్పు దాన్ని కాసేపు పట్టుకుని కిందికి వదులుతుంది. వెంటనే ఆయన నామం పవిత్రంగా ఉండాలనీ, ఆయన రాజ్యం రావాలనీ కోరిక. ఈ రెండు కోరికలూ యూదులు తమ ప్రార్థనామందిరాల్లో నేటికీ చెప్పుకునే కద్దీష్ ప్రార్థనలోనూ పక్కపక్కనే ఉంటాయి. యేసు కొత్త మతం వాళ్ళకు కొత్త మంత్రం ఇవ్వలేదు. చిన్నప్పటినుంచి తాను విన్న ప్రార్థనల పలుకుబడిలోనే, గలిలయ పల్లెటూరి వాళ్ళకు గుర్తుండేంత పొట్టిగా చెప్పాడు. బాప్తిస్మమిచ్చే యోహాను తన శిష్యులకు నేర్పినట్టు మాకూ నేర్పమని యేసు శిష్యుల్లో ఒకడే అడిగాడంటాడు లూకా.

ఇంకో వింత గమనించండి. ఇందాక సంఘపెద్ద అంత పొడవు ప్రార్థనను యేసు నామంలో అడుగుతున్నామంటూ ముగించాడు. తెలుగు సంఘంలో భోజనం ముందు పసిపిల్ల చేసే ప్రార్థన కూడా అలాగే ముగుస్తుంది. యేసు నేర్పిన ఈ ప్రార్థనలో మాత్రం యేసు పేరు లేదు. మూడు కిటికీల్లో ఉన్న పుట్టుక లేదు, సిలువ లేదు, ఆరోహణం లేదు. నమ్మవలసిన సిద్ధాంతం ఒక్కటీ లేదు. మిషన్ బడుల్లో చదువుకున్న హిందువుల పిల్లలు, ముస్లింల పిల్లలు పొద్దున బడిగంట కొట్టగానే వరసల్లో నిలబడి దీన్ని ఏ అడ్డూ లేకుండా చెప్పగలిగారంటే అందుకే. ఈ మాట చదువుతున్న మీలోనూ కొందరికి ఇది ఇంగ్లీషులో ఇంకా నోటికి వస్తుంది, కాదంటారా.

తర్వాత, ఆయన ఇష్టం భూమ్మీదా నెరవేరాలన్న మాట. అందరూ ఒక్క వేగంతో చెబుతారు. సమాధుల తోటలో పెట్టె దించాక ఇదే ప్రార్థన చెప్పించినప్పుడు మాత్రం గొంతులు ఇక్కడికొచ్చి తెగిపోతాయి. చెప్పినవాడు కూడా తేలిగ్గా చెప్పలేదు. పట్టుబడబోయే రాత్రి గెత్సేమనే తోటలో బోర్లాపడి ఇదే కోరికను తన నోటితో అనవలసి వచ్చింది ఆయనకు.

ఇప్పుడు నాలుగో కోరిక. పక్కన పెద్దమ్మ గొంతు పైకి లేచింది, విన్నారా? ఇంతదాకా ఆకాశంలో తిరిగిన ప్రార్థన టక్కున నేలమీదికి దిగింది. ఈ రోజుకు తిండి పెట్టమంటోంది.

కళ్ళు తెరవకండి. ముందు కిటికీలు తీసేయండి. పైకప్పు తీసేయండి. గోపురాన్ని ఒక్కో వరసా కిందికి దించండి. పలకలు పెకలించండి. ఎర్రటి మట్టినేల మిగిలింది. ఇది 1914.

పునాది గోతుల పక్కన బారులు తీరి జనం. తలల మీద గంపలు, చేతుల్లో గునపాలు. చుట్టుపక్కల పల్లెలనుంచి నడిచొచ్చినవాళ్ళు, ఎక్కువమంది మాల, మాదిగ వాడలవాళ్ళు. వానల్లేక పొలం పనులు ఎండిపోతే మొదట ఎండేది వాళ్ళ పొయ్యి. 1897లో మెదక్ వచ్చిన వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఈ జనానికి ఊరికే పంచిపెట్టకుండా పని చూపించి తిండి పెట్టాడనీ, ఈ గుడి అలా కరువు పనిగా లేచిందనీ ఈ ప్రాంతంలో తాతల నాటినుంచి చెప్పుకుంటారు. నకాశా గీసింది ఇంగ్లండులోని బోల్టన్ ఊరి ఆర్కిటెక్టులు బ్రాడ్‌షా గ్యాస్ అండ్ హోప్. రాయి మోసింది వీళ్ళు. ఉలి చప్పుడు పొద్దుటినుంచి ఆగదు. తట్ట దించిన ఆడమనిషి నడుం పట్టుకుని నిలబడింది, మేస్త్రీ కేకేశాడు, మళ్ళీ వంగింది. పదేళ్ళు పట్టింది కట్టడానికి. ఆ పదేళ్ళలో ప్రపంచ యుద్ధం వచ్చి పోయింది, 1918 ఇన్‌ఫ్లుయెంజా వచ్చి ఊళ్ళకు ఊళ్ళు ఊడ్చిపోయింది. పనిమాత్రం సాగింది. పొద్దు వాలాక పనిముట్లు ఒకచోట చేర్చి, తిండి అందుకోవడానికి బారు కడతారు. ఇవాళ్టి పని, ఇవాళ్టి తిండి. రేపటిది రేపు వస్తే.

ఆ బారులో నిలబడి ఈ ప్రార్థన చెప్పుకున్నవాళ్ళకు నాలుగో మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. పండితులకే అది ఇబ్బంది పెట్టింది. మూడో శతాబ్దంలో ఓరిజెన్ ఇక్కడ అడుగుతున్నది కడుపుకు తిండి కాదని, ఆత్మకు ఆహారమని పెద్ద వాదనే చేశాడు. దేవుడి దగ్గరికి వెళ్ళి రొట్టె అడగడం ఆయనకు చిన్నతనంగా తోచింది. ఇప్పటికీ ఈ వాక్యం మీద ప్రసంగం మొదలుపెట్టి రెండో నిమిషంలోనే ఆత్మ వైపు మళ్ళేవాళ్ళున్నారు. కడుపు నిండినవాళ్ళకు ఆ మళ్ళింపు తేలిక. 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాసిన మార్టిన్ లూథర్ ఇటు వచ్చాడు. దినాహారమంటే ఏమేమిటో జాబితా వేశాడు. తిండి, బట్ట, ఇల్లు, పొలం, పశువులు, డబ్బు, మంచి పాలకులు, మంచి వాతావరణం. ఆ జాబితాలో మంచి పొరుగువాళ్ళు కూడా ఉన్నారు. పొలం గట్టు పంచుకున్నవాళ్ళకు అర్థమవుతుంది, అది తిండి పద్దులోకి ఎందుకొచ్చిందో.

ఒక్క రోజుకే అడగడంలో ఒక పాత జ్ఞాపకం ఉంది. ఐగుప్తు వెట్టిలోంచి బయటపడి ఎడారిలో నడుస్తున్న ఇశ్రాయేలీయులకు పొద్దున్నే నేలమీద మన్నా రాలేది. మనిషికింత అని ఆ రోజుకే ఏరుకోవాలి. ఆశపడి మర్నాటికి దాచుకున్నవాళ్ళ కుండల్లో పురుగులు పట్టి కంపు కొట్టిందని నిర్గమకాండం పదహారో అధ్యాయం చెబుతుంది. విశ్రాంతి దినం ముందురోజు మాత్రం రెండింతలు ఏరుకోవచ్చు, అది చెడలేదు. గాదెలు నింపి ధాన్యం దాచిన ఫరో రాజ్యంలో బానిసలై బతికినవాళ్ళకు ఇది ముందు బుర్రకెక్కలేదు. ఇప్పుడు మన ఊళ్ళలో పొద్దున ఆరింటికి కూలి అడ్డా మీద టిఫిన్ డబ్బాతో నిలబడ్డ మనిషికి చెప్పి చూడండి, వెంటనే ఎక్కుతుంది. లారీ ఆగితే ఆ రోజు గడిచింది. యేసు చెప్పిన ద్రాక్షతోట కథలో, పొద్దుగూకబోయే దాకా సంతలోనే నిలబడిపోయినవాళ్ళను యజమాని ఎందుకిలా నిలబడ్డారని అడుగుతాడు. మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదంటారు వాళ్ళు. చివర్లో అందరికీ ఒక్కో దేనారం. అది ఒక రోజు కూలి. ఒక ఇంటికి ఆ రోజు తిండి.

తిండి పెట్టి మతం ఇచ్చారన్న మాట మీ మనసులో మెదిలిందా? మెదలాలి. ఆ మాట ఎదుర్కోకుండా తెలుగు నేలమీద ఈ వాక్యాన్ని చెప్పడం కుదరదు. దానికి జవాబు కోసం ఒక్క క్షణం ఒంగోలు వెళ్ళి రావాలి. 1876-78 ధాతు కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్ళకు గునపం ఇచ్చి కూలి ఇప్పించాడు. ఎండలో తవ్వినవాళ్ళు సాయంత్రం కూర్చుని బోధ విన్నారు. బాప్తిస్మం కావాలని వేలమంది అడిగారు. కరువు సాయం నడుస్తున్నన్నాళ్ళూ ఆయన ఒప్పుకోలేదు. తిండికోసం వచ్చారన్న మాట తనమీదా వద్దు, వాళ్ళమీదా వద్దనుకున్నాడు. సాయం ఆగిపోయింది. జనం ఆగలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది నీళ్ళలోకి దిగారు. అనుమానపడేవాళ్ళు ఆ తర్వాతా అనుమానపడ్డారు. నాకనిపించేది వేరు. ఆకలితో దేవుడి దగ్గరికి వెళ్ళడం తక్కువతనమని అనేవాళ్ళు ముందు ఈ ప్రార్థన నేర్పినవాడితో మాట్లాడుకోవాలి. తిండి అడగమని ఆయనే చెప్పాడు. పాపాల సంగతి దాని తర్వాతే పెట్టాడు.

తిరిగి రండి. గోడలు లేచాయి, కప్పు వచ్చింది, పలకలు కాలి కింద చల్లగా తగిలాయి. ఊపిరి తీసుకునేంత విరామం తర్వాత అయిదో మాట మొదలైంది. పెద్దమ్మ గొంతు తగ్గింది.

మా బాకీలు కొట్టేయి అని అడుగుతున్నారు అందరూ. మాకు బాకీ ఉన్నవాళ్ళను మేము వదిలేసినట్టే అని కూడా అంటున్నారు. నడవ అవతల నీలం అంగీ మనిషి కళ్ళు గట్టిగా మూసుకుని గొంతెత్తి చెబుతున్నాడు. అప్పు తీసుకున్నవాడికి ఈ వాక్యం ఎంత హాయిగా ఉంటుందో!

ఈ బెంచీల మీదున్నవాళ్ళకు మాఫీ సంగతి బాగా తెలుసు. 2024 వానాకాలంలో రాష్ట్ర ప్రభుత్వం రెండు లక్షల దాకా పంట రుణాలు విడతలుగా మాఫీ చేసినప్పుడు ఎవరి పేరు జాబితాలో వచ్చింది, ఎవరిది రాలేదు, ఎవరికి రేషన్ కార్డు అడ్డొచ్చింది అని ఊరూరా అదే మాట. ఆ ప్రభుత్వ మాఫీకి పట్టా పాసుపుస్తకం, ఆధార్ కావలసి వచ్చాయి. ఈ మాఫీకి కావలసిన కాగితం ఒక్కటే. నువ్వు ఎవరికి వదిలేశావు?

యేసు ఈ మాట అన్న గలిలయలోనూ అప్పు అలంకారం కాదు. ఏలిక హేరోదు అంతిపకు పన్ను, దేవాలయానికి కానుక, పంట పోయిన ఏడు వడ్డీకి తెచ్చిన గింజలు. తీర్చలేకపోతే భూమి, భూమి పోతే బిడ్డలు. క్రీ.శ. 66లో రోమ్ మీద తిరుగుబాటు మొదలైనప్పుడు తిరుగుబాటుదార్లు యెరూషలేములో అప్పు పత్రాలు దాచిన కార్యాలయానికి నిప్పు పెట్టారని ఆనాటి చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. నల్లగొండ, వరంగల్ పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఆ మంట వెలుగు ఎరికే. 1946 తర్వాత సాయుధ పోరాటంలో దేశ్‌ముఖుల గడీల మీద పడ్డ జనం అప్పుకాగితాలు బయటికి లాగి తగలబెట్టారు. ఎక్కడైనా సరే, తిరగబడ్డ జనానికి చెయ్యి మొదట పడేది ఆ కట్టల మీదే.

కాగితం కాల్చేస్తే అప్పు పోతుంది. ఇవ్వవలసినవాడూ పుచ్చుకోవలసినవాడూ ఒకే బెంచీల మధ్య, ఒకే గట్టు మీద, ఒకే పెళ్ళి పందిట్లో ఎదురుపడుతూ బతకాలంటే ఏంచేయాలి? యేసు చెప్పిన ఇంకో కథలో ఒక సేవకుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. తలాంతుకు ఆరువేల దేనారాలు వేసుకుంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఎన్ని జన్మలు వంగినా తీరదు. రాజు మొత్తం వదిలేశాడు. ఆ సేవకుడు బయటికొచ్చి, తనకు వంద దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. ప్రసంగాల్లో ఆ వందను నవ్వులాటగా తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. వంద రోజుల కూలి చిన్న మొత్తం కాదు. పక్కన కూర్చున్న ఈ తల్లికి ఇరవై వేలంటే నాట్లలో, కలుపులో వంగి వంగి పట్టేసిన నడుము, మందు కొనకుండా వాయిదా వేసుకున్న మోకాలి నొప్పి. వదిలేయమని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాదు. మీకూ రాకూడదు.

ఈ ప్రార్థనలో ఇన్ని కోరికలుండగా మత్తయిలో యేసు ముగించాక వెనక్కి వచ్చి మళ్ళీ మాట్లాడింది ఈ ఒక్కదాని గురించే. మనుషులను మీరు క్షమించకపోతే తండ్రి మిమ్మల్ని క్షమించడని ఖరాకండిగా అన్నాడు. తిండికి షరతు లేదు. రాజ్యం రావడానికి షరతు లేదు. ఇక్కడ మాత్రం ఉంది. ఈ ప్రార్థన చెప్పే ప్రతివాడూ వారం వారం తన నోటితో తన మీద తానే సంతకం పెడుతున్నాడు. చాలామందిమి చూడకుండా పెడతాం. పెద్దమ్మ చూసి పెడుతోంది, అందుకే గొంతు తగ్గింది. మాట మానేయలేదు. పెదవులు ఆడుతూనే ఉన్నాయి.

శోధనలో పడనీయవద్దు, కీడునుంచి తప్పించు అన్నవి చకచకా దొర్లిపోయాయి. వెనక బెంచీలో కుర్రాడి జేబులో ఫోను వణికింది, తీయకుండా చెయ్యి అదిమి పట్టుకున్నాడు. శోధన గురించి ఈవేళ్టికి అంత చాలు.

చివరి స్తుతికి గొంతులన్నీ లేచాయి. రాజ్యమూ శక్తీ మహిమా ఎప్పటికీ ఆయనవేనన్న ఈ ముగింపు మత్తయి సువార్త అతి పాత ప్రతుల్లో లేదు, లూకాలో అసలే లేదు. తొలి క్రైస్తవ తరాల నాటి దిదఖే అనే చిన్న పుస్తకంలో ఇంతకంటే పొట్టిగా ఉంది. రోజుకు మూడుసార్లు ఈ ప్రార్థన చెప్పుకోమన్నదీ ఆ పుస్తకమే. కథోలికులు పూజలో గురువు మధ్యలో ఒక చిన్న ప్రార్థన చెప్పాకే ఈ స్తుతిని అందుకుంటారు. ఎవరు చేర్చినా, చేర్చినవాళ్ళు పాడుకునే జనమై ఉండాలి. తిండి అడిగి, బాకీ ఒప్పుకుని, భయం చెప్పుకుని అక్కడితో ఆపేయడం వాళ్ళకు చేతకాలేదు. లేచి నిలబడి గొంతు విప్పారు.

ఆమేన్. కళ్ళు తెరవచ్చు. తూర్పు కిటికీ మళ్ళీ వెలిగింది.

అయ్యగారు రొట్టె విరిచారు. వరసలు కదులుతున్నాయి. మీరూ బల్ల దాకా నడిచి, కఠెరా దగ్గర మోకరిస్తారు, లేదా కూర్చున్నచోటే ఉండిపోతారు, అది మీ ఇష్టం. పెద్దమ్మ మోకాలి మీద చెయ్యి ఊతంగా పెట్టుకుని దిగింది. నీలం అంగీ మనిషి అదే వరసలో, మధ్యలో ఇద్దరిని వదిలి, మోకరించాడు. చాచిన అరచేతుల్లో గోరంత అప్పం ముక్క పెడుతూ అయ్యగారు ఒకరి తర్వాత ఒకరిని దాటుకుంటూ వెళ్ళారు. బాకీ ఉన్నవాడికీ ఇచ్చినామెకూ అదే ముక్క, అంతే ముక్క. కడుపుకైతే దానివల్ల ఏమీ కాదు. పదకొండు దాటింది, పొద్దున ఏం తిన్నారో ఏమో, వెనకనుంచి ఎవరి కడుపో గట్టిగానే మూలిగింది. పిల్లలు నవ్వారు.

ఆశీర్వాదం అయిపోయింది. బయట ఎండ బాగా ఎక్కింది. మెట్లకింద చెప్పుల గుట్టలో మీవి వెతుక్కుంటుంటే చుట్టూ వందనాలు, పలకరింపులు, ఫొటోలు. వేరుశెనక్కాయలు అమ్మేవాడు గేటు దగ్గర కాచుకునున్నాడు. షేర్ ఆటో వెనక సీటులో పెద్దమ్మ అప్పటికే సంచీ పెట్టేసి చోటు పట్టుకుంది. ఆ ఊరికి పోయే ఆటో అదొక్కటే. నీలం అంగీ మనిషి కాస్త దూరంలో నిలబడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

ఆమె ఆయన వైపు చూడలేదు. ఆటో కడ్డీతో చెబుతున్నట్టు అంది.

"రేపు ఎకరం నాటేదున్నది. మనుషులు దొరుకుతలేరు."

ఆయన కూడా ఆటో చక్రంతోనే మాట్లాడాడు. "మా కోడలు ఖాళీగనే ఉన్నది."

"పంపు మరి."

"కూలెంత?"

"ఊరందరికి ఇచ్చేదే."

ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. కాసేపు ఆగి, "బాకీల పట్టుకుంటవా ఏంది?" అన్నాడు.

"కూలి కూలే. బాకీ బాకే." ఆమె సంచీ ఒళ్ళోకి తీసుకుని సీటు మీద కొంచెం లోపలికి జరిగింది. "ఎక్కరాదు, గాడ నిలబడ్డవేంది? పొద్దుగాల ఆరింటికల్లా రమ్మను దాన్ని. ఆలస్యం జేస్తే ఊకోను."